వేళ్ళకి కట్టిన బస్టాండు

బస్ డిపోలో ఆయన్ని అందరూ బాబాయి అనే పిలిచేవాళ్ళు. వయసులో పెద్దవాళ్ళు కూడా బాబాయే అనేవాళ్ళు. దాంతో వాళ్ళావిడకి, ఆవిడ ఇష్టాయిష్టాలతో పని లేకుండా, పిన్ని అనే పేరు ఖాయమైపోయింది.

బాబాయి పని బస్సులకి రంగులు వేయడం. ఎక్కడో గుద్దుకున్న బస్సు, గోడకి రాసుకున్న బస్సు, ఎండకి వెలిసి ముసలిదైపోయిన బస్సు, ఏదైనా సరే ముందు రేకుల వాళ్ళ దగ్గర దెబ్బలు తిని, తర్వాత లప్పం పూయించుకుని, ఆఖరికి ఆయన షెడ్డుకి వచ్చేది. రంగు విషయంలో ఆయన కంటికి తిరుగులేదు. ఒక పక్క రేకు మార్చి రంగేస్తే, పాతదెక్కడ ఆగిందో కొత్తదెక్కడ మొదలైందో ఆ బస్సుని రోజూ తోలే డ్రైవరు కూడా చెప్పలేకపోయేవాడు. "ఇంత బాగా ఎలా కలిపావు బాబాయ్?" అని అడిగితే, "నేనేం కలపలేదురా, నీకేం కావాలే తల్లీ అని బస్సునే అడిగాను" అనేవాడు.

అలాంటి మనిషికి ప్లాస్టిక్ ఇటుకల పిచ్చి పట్టుకుంది. పైన బుడిపెలు, అడుగున గుంటలు ఉండి, ఒకదాని మీద ఒకటి నొక్కితే టక్కున అతుక్కునే ఆ ఇటుకలు మీరూ చూసే ఉంటారు. పిల్లల ఆటవస్తువు. డిపోలో ఒక గది ఉండేది, ప్రయాణికులు బస్సుల్లో మర్చిపోయిన సామాన్లు పెట్టడానికి. ఏడాది దాటినా ఎవరూ రాకపోతే పనివాళ్ళు తీసుకోవచ్చు. అలా ఒక సంచీడు ఇటుకలు బాబాయి చేతికి వచ్చాయి. వాళ్ళకి పిల్లలు లేరు, పక్కింటి పాపకిద్దామని ఇంటికి తెచ్చాడు. ఇచ్చేముందు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని ఒక బస్సు కట్టాడు. దానికి తలుపు సరిగ్గా రాలేదు. తలుపు కుదిరాక ఇస్తానన్నాడు. తర్వాత దానికొక షెడ్డు ఉంటే బాగుంటుందన్నాడు. ఇస్తాను, రేపిస్తాను అంటూ ఉండగానే పక్కింటి పాప పెద్దదై కాలేజీలో చేరిపోయింది.

ఇల్లంతా ఇటుకలే. పిన్ని ఇంట్లో మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు, నర్సుల కోట్లు కుట్టేది. ఆవిడ గుండీల డబ్బాలు ఒక్కొక్కటే మాయమై, రంగులవారీగా ఇటుకలు నింపుకుని బాబాయి బల్ల మీద తేలేవి. చెప్పుల్లేని కాలితో ఇటుక తొక్కినవాళ్ళకే ఆ నొప్పి తెలుస్తుంది. పిన్నికి బాగా తెలుసు. ఆవిడ కెవ్వుమన్నప్పుడల్లా బాబాయి పరిగెత్తుకొచ్చి, "ఏ రంగు?" అని అడిగేవాడు. కొన్నాళ్ళుగా వెతుకుతున్న ముక్క అదే అయి ఉండొచ్చని ఆయన ఆశ.

ఊళ్ళో ఇలాంటి పిచ్చివాళ్ళకి ఒక సంఘం ఉండేది. పళ్ళ డాక్టరు దానికి అధ్యక్షుడు. ఆదివారాలు ఆయన క్లినిక్కులో రోగులు కూర్చునే గదిలో అందరూ చేరేవాళ్ళు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు టీచర్లు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఇంకొంతమంది. సంఘానికి రాయని చట్టం ఒకటి ఉండేది. జిగురు పెట్టకూడదు, ముక్క కోయకూడదు, రంగు పూయకూడదు. ఊళ్ళో బస్సులన్నిటికీ రంగులేసే బాబాయి ఒక చిన్న ఇటుకకి సరైన రంగు దొరక్క నెలల తరబడి తిరిగేవాడు తప్ప, బ్రష్షు మాత్రం ముట్టేవాడు కాదు. "పొద్దున్నంతా చేసేది అదేగా, ఇక్కడ కూడా మోసం ఎందుకు?" అనేవాడు.

ఆయన కట్టినవాటిలో పేరొచ్చింది పాత గడియారం మేడ. ఊరి నడిమధ్య ఉండే ఆ మేడని మనిషి నడుమెత్తున కట్టాడు. గుమ్మటం గుండ్రంగా రావడానికి ఏటవాలు ముక్కల్ని వరసవరసకీ కొద్దిగా తిప్పుతూ పేర్చాడు. కిటికీల మీది అలంకారాలకి బొమ్మకార్ల స్టీరింగులు వాడాడు. పైకప్పు పెంకులకి బుడిపెలు లేని నున్న పలకలు, అవీ వానకి తడిసి నల్లబడ్డ ఎరుపులో, మూడు నాలుగు ఛాయల్లో కలిపి పరిచాడు. టౌన్ హాల్లో ప్రదర్శనకి పెడితే జనం దాని ముందు నుంచి కదల్లేదు. ఆ సాయంత్రం బాబాయి కాళ్ళు నేల మీద లేవు.

ఆ మేడని చూడని మనిషి ఆయన ఇంట్లోనే ఒకరుండేవాళ్ళు. ఆయన అక్కయ్య.

అక్కయ్యకి చిన్నప్పుడు జ్వరం వచ్చి చూపు పోయింది. ఆవిడ ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. ఊళ్ళో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా మొదట వినిపించేది ఆవిడ గొంతే. మొహం తెలియని వాళ్ళు కూడా సంతలో ఆవిడ మాట వినగానే గుర్తుపట్టి పలకరించేవాళ్ళు. ఇంట్లో కింది గది ఆవిడది. మాట కరుకు, మనసు మెత్తన. తమ్ముడు సాయంత్రాలు పక్కన కూర్చుని గడియారం మేడ గురించి, దాని రంగుల గురించి గంటల తరబడి చెప్తుంటే ఓపిగ్గా వినేది. ఒక్కోసారి "ఎరుపు నాకు గుర్తుందిరా. మిగతావి నీ దయ" అనేది. చేతులు మాత్రం ఆయన వేయనిచ్చేవాడు కాదు. ఊడిపోతాయని భయం. ఆవిడా ఎప్పుడూ అడగలేదు.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అక్కయ్య బస్టాండుకి నడిచి వెళ్ళి, ఒంటరిగా బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళొచ్చేది. పాత బస్టాండులో ప్రతి అడుగూ ఆవిడకి తెలుసు. పగిలిన బండ దగ్గర కుడికి తిరగాలి, టీకొట్టు గ్లాసుల చప్పుడు ఎడమ చెవికి రావాలి, టైరు వాసన తగిలితే తన బస్సు వచ్చినట్టు. ఒక ఏడాది ఆ పాత బస్టాండుని పడగొట్టి పెద్దది కట్టారు. కొత్తదానికి నేలంతా అద్దంలా నున్నగా, పైకప్పు ఎక్కడో అందనంత ఎత్తులో. ఎవరు మాట్లాడినా ఆ మాట అన్ని వైపుల నుంచీ ఒకేసారి వచ్చేది. టీకొట్టు లేదు. అందరూ అబ్బ ఎంత బాగుందో అన్నారు.

తెరిచిన మొదటి వారంలోనే అక్కయ్య దారి తప్పింది. తన బస్సు దగ్గరికి వెళ్తున్నాననుకుని, వెనక బస్సులు కడిగే చోటికి వెళ్ళిపోయింది. పైపు పట్టుకున్నవాడు బస్సుకి అవతల ఉన్నాడు. వాడు చూసేలోపల ఆవిడ తల నుంచి కాళ్ళ దాకా తడిసిపోయింది. కాపలావాడు పాపం మంచివాడు, పక్క డిపోలో ఫ్యాను ఉన్న గది ఏదో వెతికి అందులో కూర్చోబెట్టి బాబాయికి కబురు పెట్టాడు. ఆ గది మర్చిపోయిన సామాన్ల గది.

ఇంటికొచ్చాక అక్కయ్యే నవ్వుతూ చెప్పింది. "గొడుగులకీ క్యారేజీలకీ మధ్య కూర్చోబెట్టారే అమ్మాయ్. మీ ఆయన ఇంకాస్త ఆలస్యం చేసుంటే నన్నెవరో సంచీతో పాటు పట్టుకుపోయేవాళ్ళు."

పిన్ని నవ్వింది. బాబాయి నవ్వలేదు. అక్కయ్య తల తుడుచుకుంటూ తుడుచుకుంటూ, తువ్వాలు మొహం మీద కాస్త ఎక్కువసేపే ఉంచుకుంది. తర్వాత మెల్లగా అంది. "ఊరందరికీ ఏ డాక్టరు ఏ అంతస్తులో ఉన్నాడో, ఎటు వెళ్ళాలో నేనే చెప్తాను కదరా. నాకు నేను బస్సు దాకా దారి చెప్పుకోలేకపోయాను."

ఆ మర్నాటి నుంచి బాబాయి ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బస్సెక్కించేవాడు. సాయంత్రం ఆవిడ డ్యూటీ దిగే వేళకి ఆయన షెడ్డులో ఏ బస్సు కిందో ఉండేవాడు. ఆవిడ బెంచీ మీద కూర్చుని ఎదురుచూసేది. ఆవిడ చేతికర్ర తలుపు వెనక గోడకి చేరేసి ఉండేది, దుమ్ము పట్టి. ఒకరోజు అన్నం దగ్గర, "ముందే రిటైరైపోతే ఎలా ఉంటుందంటావు?" అని మామూలుగా అడిగింది.

మర్నాడే బాబాయి పని మొదలుపెట్టాడు. కొత్త బస్టాండుని ఇటుకలతో కడతాను, అక్కయ్యకి చూపిస్తాను, అంతా అర్థమైపోతుంది అనుకున్నాడు. షెడ్డు పక్కనే కాబట్టి రోజూ చూసొచ్చేవాడు. గోడల బూడిద రంగు కోసం సంఘంలో అందరి డబ్బాలూ గాలించాడు. పైకప్పుకి అద్దంలాంటి ముక్కలు పెట్టాడు. ముందున్న పెద్ద బోర్డు, దీపస్తంభాలు, ఆగి ఉన్న బస్సులు, ఆ బస్సుల మీద తను రోజూ వేసే పట్టీ కూడా వచ్చింది. పళ్ళ డాక్టరు ఇంటికొచ్చి చూసి, "ఇది గడియారం మేడని మించిపోయిందయ్యా" అన్నాడు.

ఆదివారం అక్కయ్యని బల్ల ముందు కూర్చోబెట్టాడు. "చూడక్కా. ఈసారి నువ్వు ఎంతసేపు ముట్టుకున్నా ఏమీ అనను."

అక్కయ్య చేతులు చీర చెంగుకి తుడుచుకుని, జాగ్రత్తగా పెట్టింది. వేళ్ళు పైకప్పు మీద ఇటూ అటూ తిరిగాయి. లోపలికి పోవడానికి దారి లేదు. పక్కనుంచి దూర్చబోతే ఒక దీపస్తంభం టప్పున ఊడింది. గోడ మీద వేళ్ళు రాసింది, నేల మీద రాసింది, మళ్ళీ గోడ మీదకి వచ్చింది.

"ఏమీ అనుకోకురా" అంది ఆఖరికి. "దువ్వెనలా ఉంది."

"ఏమిటీ?"

"పెద్ద దువ్వెన. ఎక్కడ పెట్టినా బుడిపెలే. ఇది నేలో, గోడో, బస్సో నాకేం తెలుస్తుంది? నువ్వు కష్టపడ్డావని మాత్రం తెలుస్తోంది."

బాబాయి మొహం మాడిపోయింది. సాయంత్రం పిన్ని మిషను దగ్గరికి వచ్చి కూలబడ్డాడు. "డాక్టరుగారు కూడా అచ్చం అలాగే ఉందన్నారు. కొలతలు కూడా తేడా లేవు."

పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండానే అడిగింది. "కొలతలెవరివి తీసుకున్నారు?"

"బస్టాండువి."

"బస్టాండు తొడుక్కుంటుందా? తొడుక్కునేది మా వదిన."

బాబాయి లేచి తన గదిలోకి వెళ్ళి, తలుపేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని బస్టాండు మీద చేతులు పెట్టాడు. తను ఒక్కో ఇటుకా పేర్చి కట్టిందే. అయినా టిక్కెట్ల గది ఎక్కడుందో దొరకలేదు. అక్క అన్నది నిజమే, దువ్వెనే. తన మీద తనకే నవ్వొచ్చింది.

తర్వాతి ఆదివారం ఇద్దరూ కలిసి బస్టాండుకి వెళ్ళారు. "నువ్వు నన్ను తీసుకెళ్ళడం కాదు, నేను నిన్ను తీసుకెళ్తాను. కళ్ళు తెరిచావంటే ఇంటికి పోతా" అంది అక్కయ్య. బాబాయి కళ్ళు మూసుకుని ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళు పక్క షెడ్డులో పనిచేసిన మనిషి లోపలికి అడుగు పెట్టగానే ఒక బెంచీకి మోకాలు కొట్టుకున్నాడు. ఎవరో ఒకావిడ, "అయ్యో పాపం, ఇద్దరికీనా!" అని, బాబాయిని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. అక్కయ్య చాలా గంభీరంగా, "వీడికి ఈమధ్యనే వచ్చిందండీ. ఇంకా అలవాటు పడలేదు" అంది.

నవ్వులాటలు అయ్యాక అసలు పని మొదలైంది. "ఆగు. ఇక్కడ కాళ్ళకి ఏం తెలుస్తోంది?" అని అడిగేది అక్కయ్య. మొదట ఏమీ తెలియలేదు. మెల్లమెల్లగా తెలిసింది. గుమ్మం దాటాక నేల కొద్దిగా కిందకి వాలుతోంది. హాలుకి అడ్డంగా నీళ్ళు పోయే ఇనుప జాలీ ఉంది, దాని మీద అడుగు పడితే చెప్పు కింద చప్పుడు మారుతుంది. స్తంభాల దగ్గరికి వస్తే చెవి పక్కన గాలి మూసుకుపోయినట్టు ఉంటుంది. బస్సులు ఆగే వైపు నుంచి మొహానికి వెచ్చటి గాలి కొడుతుంది. ఎన్నోసార్లు చూసిన చోటే, వీటిలో ఒక్కటి కూడా ఆయన ఎప్పుడూ చూడలేదు. "ఇవన్నీ నీకు ముందే తెలుసా అక్కా?" అన్నాడు.

"తెలుసు. కానీ ఒక్కొక్కటీ విడివిడిగా తెలుసు. ఏది ఎక్కడో, దేని తర్వాత ఏదో, మొత్తం కలిపి చేతికి దొరకట్లేదు."

ఇంటికొచ్చి బాబాయి కట్టిందంతా విప్పేశాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఈసారి పైకప్పు లేదు. గోడలు వేలి కణుపంత ఎత్తే, లోపలికి చెయ్యి హాయిగా పోవాలి కదా. మనుషులు నడిచే నేలంతా నున్నటి పలకలు. నడవకూడని చోట మాత్రమే బుడిపెలు. జాలీ ఉన్నచోట గీతలు గీతలుగా ఉండే ముక్కలు, వాలు ఉన్నచోట ఏటవాలు ముక్కలు. స్తంభాలకి గుండ్రటివి. బెంచీలని చెయ్యి తగిలినా కదలకుండా బిగించాడు.

చిక్కల్లా నున్న పలకల దగ్గర వచ్చింది. అంత నేలకి సరిపడా ఎక్కడా దొరకలేదు. సంఘంలో అందరినీ అడిగాడు, తలా కొన్ని ఇచ్చారు, చాల్లేదు. అన్ని పలకలు ఒకేచోట ఉన్నది గడియారం మేడ పైకప్పు మీదే. ఈ ఏటి ప్రదర్శన దగ్గరకొస్తోంది. జనం మళ్ళీ ఆ మేడనే చూడాలనుకుంటున్నారని డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నాడు.

బాబాయి రెండు రోజులు ఆ మేడ చుట్టూ తిరిగాడు. మూడో రోజు పిన్ని కాఫీ తెచ్చేసరికి గుమ్మటం ఊడి బల్ల మీద బోర్లా పడి ఉంది, ఆయన పెంకులు ఒక్కొక్కటే గోటితో పీకుతున్నాడు. పిన్ని కాఫీ పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుని తనూ పీకడం మొదలుపెట్టింది. కాఫీ చల్లారిపోయింది.

అయినా రంగులు కుదరలేదు. నేల సగం నల్లబడ్డ ఎరుపు, సగం ఊదా, మధ్యలో ఆకుపచ్చ మచ్చలు. జాలీ నారింజ రంగు. స్తంభాలు గులాబీ. బాబాయి జీవితంలో అంత వికారమైన వస్తువు చేయలేదు. దాన్ని చూడలేక తుండుగుడ్డ కప్పి ఉంచేవాడు. అక్కయ్య ఆ గుడ్డ తీసేసి గంటల తరబడి దాని మీద చేతులు నడిపించేది. బస్సులు ఆగే చోట్ల నంబర్లకి బాబాయి ఏదో అంకెల ఆకారం కట్టబోతే ఆపింది. "నీ అంకెలు నాకెందుకురా? బుడిపెలున్నాయిగా." నున్న పలక మీద గుండ్రటి చిన్న ముక్కలు బ్రెయిలీ చుక్కల్లా ఎలా పెట్టాలో తనే చూపించింది. "గోడ మీద రాతంత లావుగా ఉంది. ఫరవాలేదు, చదవొచ్చు" అంది. ఒకచోట తమ్ముడు ఒక చుక్క పక్కకి పెట్టాడు. "ఈ బస్సెక్కితే ఆసుపత్రికి కాదు, ఇంకో ఊరికి పోతాను" అని తనే పీకి సరిచేసింది.

ఒక సోమవారం పొద్దున అక్కయ్య తలుపు వెనకనుంచి కర్ర తీసుకుంది. "నేను వెళ్తున్నా. ఎవరూ రావద్దు" అంది.

ఎవరూ రామన్నారు. ఆవిడ వీధి మలుపు తిరగ్గానే బాబాయి చెప్పులు తొడుక్కున్నాడు. దూరంగా, గోడల పక్కనుంచి, దొంగలా వెళ్ళాడు. అక్కయ్య గుమ్మం దాటింది. వాలు దగ్గర ఒక్క క్షణం ఆగింది. ముందుకి నడిచి, తిరగాల్సిన చోటుకంటే ముందే తిరిగేసింది. ఎదురుగా తినుబండారాల కొట్టు. బాబాయి పరిగెత్తబోయాడు. అంతలో ఆవిడ కర్ర ఇనుప జాలీ మీద పడి టకటకమంది. ఆవిడ నిలబడింది. ఎడమ చెయ్యి కొద్దిగా ముందుకి చాపి, గాల్లోనే వేళ్ళు ఇటూ అటూ కదిపింది, బల్ల మీద కదిపినట్టే. వెనక్కి రెండడుగులు వేసి, సరైన వైపుకి తిరిగి, తన బస్సు ఆగేచోట స్తంభం పక్కన వెళ్ళి నిలబడింది.

బాబాయి స్తంభానికి ఇవతల ఊపిరి కూడా గట్టిగా తీయకుండా నిలబడ్డాడు. 

"ఒరేయ్" అంది అక్కయ్య, అటు తిరక్కుండానే. "టర్పెంటైన్ కంపు కొడుతోంది. పనికి పో."

"ఇటే వెళ్తున్నానక్కా, షెడ్డుకి" అన్నాడు బాబాయి. షెడ్డు అటు వైపు కాదు.

"సరే, వచ్చావుగా. ఆ కొట్టు నీ బల్ల మీద లేదు. పెట్టు."

బస్సొచ్చింది. ఆవిడ ఎక్కింది. బాబాయి అక్కడే బెంచీ మీద కూర్చుని చొక్కా చేత్తో కళ్ళొత్తుకున్నాడు. పక్కనున్నాయన దుమ్ము పడిందా అని అడిగితే, అవునండీ కొత్త బస్టాండు కదా అన్నాడు.

ప్రదర్శన రోజు వచ్చింది. గడియారం మేడ లేదని డాక్టరుకి ముందే చెప్పాడు గానీ, ఆ రంగురంగుల బస్టాండుని బల్ల మీద పెట్టగానే ఆయన మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. "పెయింటరువి నువ్వు. ఇదేం రంగులయ్యా?" అన్నాడు. మేడ కోసం వచ్చినవాళ్ళు దీన్ని చూసి, పిల్లలు కట్టారేమో అనుకుంటూ దాటిపోయారు. బాబాయి తల దించుకుని నిలబడ్డాడు. ప్రతి బల్ల మీదా "దయచేసి తాకవద్దు" అని ఒక అట్ట ఉంది. తన బల్ల మీది అట్టని ఆయన మెల్లగా తీసి జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం అక్కయ్య వచ్చింది. వెంట చూపు లేని స్నేహితులు కొంతమందిని తీసుకొచ్చింది. అందరూ బల్ల చుట్టూ మూగారు. హాలు మొత్తంలో చప్పుడు ఆ బల్ల దగ్గరే. "ఇదా జాలీ!" "అయితే మరుగుదొడ్లు ఇంత దగ్గరా? నేను రోజూ చుట్టూ తిరిగి పోతున్నానే!" "చెయ్యి తియ్యండి సార్, నా బస్సు మీద పెట్టారు." నవ్వులు, వాదనలు. ఒక బెంచీ ఊడింది, బాబాయి పెట్టాడు, మళ్ళీ ఊడింది. దాటిపోయినవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి వచ్చి చూడటం మొదలుపెట్టారు. డాక్టరు కాసేపు దూరం నుంచి చూశాడు. తర్వాత కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, కళ్ళు మూసుకుని తనూ చేతులు చాపాడు. టిక్కెట్ల గది వెతకడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. దొరికినప్పుడు చిన్నపిల్లాడిలా కేకేశాడు.

అట్టలన్నీ తీయించేద్దామని అక్కడికక్కడే అనబోయాడు గానీ, పక్క బల్ల మీద ఓడ కట్టిన అక్కచెల్లెళ్ళు ఆయన్ని చూసిన చూపుకి ఆ మాట మింగేశాడు.

ఆ బస్టాండు బొమ్మ ఇప్పుడు అసలు బస్టాండులో, విచారణ కౌంటరు పక్కన ఉంది. వెంటనే ఏమీ జరగలేదు. పై అధికారులు చూద్దామన్నారు, చూస్తూనే చాలాకాలం గడిపారు. ఆఖరికి కౌంటరులో కూర్చునే అమ్మాయే ఒక పాత బల్ల లాగి, పెట్టెయ్ బాబాయ్, అడిగినప్పుడు చూసుకుందాం అంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పిల్లలు ముక్కలు పీక్కుపోతుంటారు. బాబాయి శనివారాలు ఒక డబ్బా పట్టుకుని వెళ్ళి, ఉన్న రంగుతో ఆ ఖాళీలు పూడుస్తాడు. అందువల్ల అది నానాటికీ ఇంకా వికారంగా తయారవుతోంది. దాన్నిప్పుడు గుడ్డ కప్పకుండానే చూడగలుగుతున్నాడు. అక్కయ్య రిటైర్మెంటు మాట మళ్ళీ ఎత్తలేదు. ఏ కొట్టు ఎటు జరిగిందో, ఏ బెంచీ తీసేశారో సాయంత్రం వచ్చి చెప్తుంది, మర్నాడు మార్చకపోతే తిడుతుంది.

గడియారం మేడని మళ్ళీ కట్టలేదు. కట్టడానికి తీరిక దొరకలేదు. ప్రదర్శనకి వచ్చిన అక్కయ్య స్నేహితుల్లో ఒక సంగీతం మాస్టారు ఉన్నారు, పుట్టుకతోనే చూపు లేని మనిషి. ఆయన ఒకరోజు ఇంటికి వచ్చి మొహమాటపడుతూ అడిగారు. "ఊరి బయట వంతెన మీద చిన్నప్పటి నుంచీ బస్సులో పోతున్నానండీ. చక్రాల చప్పుడు బోలుగా మారితే వంతెనొచ్చిందనుకుంటాను. అందరూ పెద్ద వంతెన, పెద్ద వంతెన అంటారు. అసలు వంతెనంటే ఎలా ఉంటుంది?"

బాబాయి ఆ వంతెన కట్టడానికి చలికాలమంతా పట్టింది. పూర్తయ్యాక మాస్టారుని కూర్చోబెట్టాడు. ఆయన వేళ్ళు రోడ్డు మీదుగా నడిచాయి, పిట్టగోడ మీదుగా దిగాయి, కమాను అంచు పట్టుకుని కిందకి వెళ్ళాయి. అక్కడ ఏమీ తగల్లేదు. ఆయన చెయ్యి మొత్తం కమాను కింద దూరిపోయింది, మణికట్టు దాకా, మోచేతి దాకా. ఆయన అలాగే ఆగిపోయారు.

"ఇంత ఖాళీయా!" అన్నారు. "ఇన్నాళ్ళూ ఇంత ఖాళీ మీద నుంచా పోతున్నాను?"

కాసేపటికి తేరుకుని, అడుగున నున్నగా చేతికి తగులుతున్నది నీళ్ళేనా అని అడిగారు. అవునన్నాడు బాబాయి. నీళ్ళకి ఏ రంగు పెట్టారు అని అడిగారు మాస్టారు.

బాబాయి వంతెన కిందకి వంగి ఒకసారి చూశాడు. గుమ్మంలో పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పసుపండీ" అన్నాడు. "అవే మిగిలాయి."